కప్ప బండిలో రెండు ముళ్ళు

ఖర్కాయి వంతెన నడిమధ్యలో మా ఆయన బండి ఆపి బానెట్ ఎత్తిన రోజు నేను పక్కన లేను. ఆ సంగతి మా అబ్బాయి మోహిత్ చెప్పాడు. వాడికి వాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడెవరో చెప్పాడట, ఫోనులో వీడియో కూడా తీసి పంపాడు. అందులో మా ఆయన సీతారామరావు గారు చొక్కా చేతులు మడిచి, ఆకుపచ్చ బండి ముక్కులోకి వంగి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి చూస్తున్నారు. వెనకాల ఆదిత్యపూర్ షిఫ్టుకి పోయే ఆటోలు, టెంపోలు, ఒక బస్సు. హారన్లతో వంతెన అదిరిపోతోంది. ఆయన తల కూడా తిప్పలేదు. ఆ నిదానం చూసి ఇంట్లో కూర్చున్న నాకే ఒళ్ళు మండింది, ఆ బస్సు డ్రైవర్ని ఏమనగలను?

ఆ సాయంత్రం మోహిత్ సీతారాండేరాలో మా ఇంటికి వచ్చి వాళ్ళ నాన్నని కూర్చోబెట్టి అడిగాడు. వాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. ఇంజను వేడెక్కిందా అని అడిగితే, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటిందని ఆయన చెప్పారు. మరి మూత తీస్తే నీళ్ళు మరుగుతున్నాయా? లేదు, మామూలుగానే ఉన్నాయి. మరెందుకు ఆపినట్టు? ముల్లు ఎక్కింది కాబట్టి ఆపాను. 

ఆయన అలా అనడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. టాటానగర్ రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. అక్కడ సిగ్నల్ దీపం ఆరిపోయినా, సగం వెలిగినా, అనుమానంగా ఉన్నా, దాన్ని ఎర్ర దీపంగానే లెక్కేసి బండి ఆపాలి. తర్వాతే మిగతా విచారణ. జీవితమంతా అదే చెప్పి, అదే చేసి, చివరికి ఇంట్లో కుక్కర్ విజిల్ సరిగా రాకపోయినా స్టవ్ ఆర్పేసే స్థితికి వచ్చారు.

మోహిత్ వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. అంతకుముందు కూడా ముల్లు ఎక్కుతోందంటే బండిని ఆదిత్యపూర్‌లో సుమన్ షెడ్డుకి పంపి ఒక రోజంతా ఉంచారు. పాత బండ్ల వైరింగ్‌లో సుమన్‌కి మంచి పేరుంది. ఇంజను ఆన్‌లో పెట్టి ఎంతసేపు చూసినా ముల్లు మధ్యలోనే ఉందట. మోహిత్ కూడా స్వయంగా బిష్టుపూర్ అంతా తిప్పాడు, ఏమీ లేదు. వాళ్ళ నాన్న నడిపినప్పుడే ఎక్కే ముల్లు అది.

"మమ్మీ, గాడీ మే కుఛ్ నహీ హై," అన్నాడు వాడు. "పాపా మే కుఛ్ హై."

బండిలో ఏమీ లేదు, ఉన్నదేదో నాన్నలోనే ఉంది.  వాడికి కోపం లేదు, భయంతోనే అన్నాడు. ఆదివారం వస్తాననీ, అప్పటికి బండిలో ఏదో ఒక లోపం కనబడకపోతే బండినీ తాళాలనీ తనతో తీసుకుపోతాననీ చెప్పాడు. స్కూటర్ కూడా నడపనివ్వనన్నాడు. ఆ సంగతి ఆయనకి నన్నే చెప్పమన్నాడు. మంచి పనులన్నీ ఎప్పుడూ నాకే అప్పగిస్తాడు వెధవ.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, వాడికి తెలియనివి నాకు తెలుసు. ఆ మధ్య ఆయన స్కూటర్ మీద సాక్చి బజారుకి వెళ్ళి, చేపలు కొని, ఆటోలో ఇంటికి వచ్చారు. స్కూటర్ ఏదని నేను అడిగేదాకా దాని ఊసే ఆయనకి గుర్తు లేదు. ఇద్దరం వెళ్ళి తెచ్చుకున్నాం. ఎవరితోనూ అనొద్దని ఆయన అడగలేదు, నేనే అనలేదు. బీపీ మాత్ర వేసుకుని, కాసేపటికి మళ్ళీ వేసుకోబోతే చేతిలోంచి లాక్కున్న రోజులున్నాయి. ఈ వయసులో అందరికీ ఉండేదే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చెప్పుకున్న ప్రతిసారీ నమ్మకం కాస్త తగ్గేది.

అందుకే ఆ బండిలో లోపం ఉండాలని నేను కోరుకున్నట్టు ఈ ఊళ్ళో ఇంకెవరూ కోరుకుని ఉండరు. ముల్లు తప్పయితే మనిషి బాగున్నట్టు. ముల్లు బాగుంటే, ఇక ఆలోచించడానికే నాకు ధైర్యం లేదు.

బండి గురించి కూడా చెప్పాలి. అది మేం కొన్నది కాదు, కొనే తాహతూ లేదు. ఒక పార్సీ ఇంజనీరు గారు ఎప్పుడో సముద్రం మీద తెప్పించుకున్న స్పోర్ట్స్ కారు. ఆయన పోయాక కూడా మా ఆయనే సెలవు రోజుల్లో వెళ్ళి దాని వైరింగ్ చూసుకునేవారు. ఆ ఇంజనీరు గారి భార్య ఊరు విడిచి పుణె వెళ్ళిపోతూ దాన్ని ఈయనకి ఇచ్చేసింది. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిస్తే వెనక్కి పోతుంది. నేల మీద బోర్లాపడినట్టు ఉంటుంది, రంగు కూడా ఆకుపచ్చ కావడంతో నేను దాన్ని కప్ప అంటాను. అందులో ఎక్కడం నాకు గొప్ప కాదు, శిక్ష. మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి. దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టి లాగాలి. డ్యాష్‌బోర్డు మీద మాత్రం గుండ్రటి మీటర్లు వరసగా, అద్దాల్లాగా మెరుస్తూ ఉంటాయి. ఆయన రోజూ తుడుస్తారు.

ఆ శనివారం పొద్దున్న, నేను కూడా వస్తానన్నాను. ఆయన నమ్మలేదు.

"నువ్వేటి, కప్పలోకా?" అన్నారు.

గాలి తగలాలనుందని అబద్ధమాడి, తల చుట్టూ శాలువా కట్టుకుని ఎక్కాను. నా మనసులో ఉన్న పని ఒక్కటే, ముల్లు మీదనుంచి కన్ను తిప్పకూడదు.

సాక్చి గోల్‌చక్కర్ కూడలి దాటాం. ముల్లు మెల్లగా లేచి మధ్యకి వచ్చి నిలబడింది. పార్కు పక్కనుంచి బిష్టుపూర్ వైపు వెళ్ళాం. ముల్లు కదల్లేదు. ఉక్కు కంపెనీ వాళ్ళు చూసుకునే ఆ రోడ్లు నున్నగా ఉంటాయి, ఒళ్ళో గిన్నె పెట్టుకున్నా తొణకదు. ఆయన స్టీరింగ్ మీద వేళ్ళు ఆడిస్తూ, ఏదో పాత పాట ముక్కుతో పాడుతున్నారు. నేను మాత్రం ఎక్కవే తల్లీ, ఒక్కసారి ఎక్కవే అని ముల్లుకి మొక్కుకుంటున్నాను. ఇంజను మరిగిపోవాలని దేవుణ్ణి అడిగిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"సూడు, ఇప్పుడు బాగానే ఉన్నాది. నాను ఒట్టినే సెప్తన్నానని మోహిత్ అనుకుంతన్నాడు," అన్నారాయన, ముందుకు చూస్తూనే.

తెలుసన్నమాట. కొడుకు ఏమనుకుంటున్నాడో ఆయనకి ముందే తెలుసు. నాకు ఏడుపు వచ్చింది. శాలువా ముక్కు మీదకి లాక్కుని, దుమ్ము పడిందన్నాను.

బిష్టుపూర్ దాటి జుగ్‌సలాయ్ వైపు తిరిగాం. అక్కడితో నున్నటి రోడ్డు అయిపోయింది. రైలు పట్టాల కింద దారి, గుంటలు, నీళ్ళు, ఎదురుగా సైకిల్ రిక్షాలు. కప్ప ఎగిరెగిరి పడింది. ఒక పెద్ద గుంటలో దభీమని దిగి లేచేసరికి నా పళ్ళు టకటకలాడాయి. తలెత్తి చూస్తే ముల్లు జరిగింది. మొదట నా కళ్ళే అదిరాయనుకున్నాను. మళ్ళీ చూశాను. మధ్య గీత వదిలి, నిద్రలో నడుస్తున్నట్టు, ఎర్ర గీత వైపు పోతోంది.

అంత సంతోషం నాకు మా పెళ్ళిరోజున కూడా కలగలేదంటే ఆయన నొచ్చుకుంటారు. కానీ నిజం. ఎక్కిందండీ, ఎక్కింది అని ఆయన భుజం మీద కొట్టాను. ఆయన నా సంతోషం అర్థంకాక నన్నోసారి చూసి, మామూలుగా బండి పక్కకి తీసి ఆపారు. ఒక టీ దుకాణం ముందు దిగి బానెట్ ఎత్తడానికి వెళ్ళారు.

నేను దిగలేదు, దిగడం నా వల్ల కాదు కనక. కూర్చున్నచోట మీటర్ల వైపే చూస్తున్నాను. అప్పుడు పక్కనున్న పెట్రోల్ మీటర్ మీద కన్ను పడింది. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు అందులో సగానికి తక్కువే ఉంది, దారిలో పోయించాలని ఆయన కూడా అన్నారు. ఎక్కడా పోయించలేదు. ఇప్పుడది నిండుగా చూపిస్తోంది.

"ఏటండీ, పెట్రోల్ ఎప్పుడు పోయించినారు?" అని కేకేశాను.

పోయించలేదని బానెట్ వెనకనుంచి జవాబొచ్చింది.

"మరి ట్యాంకు నిండిపోనాది ఇక్కడ. నడిసిన కొద్దీ నిండుతున్నాది మీ బండి."

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా పక్క కిటికీలోంచి లోపలికి వంగి చూశారు. టెంపరేచర్ ముల్లు చూశారు, పెట్రోల్ ముల్లు చూశారు, మళ్ళీ మొదటిది చూశారు. ఆ ముఖం నాకు బాగా తెలుసు. వానాకాలంలో ఎక్కడో సిగ్నల్ పోయిందని ఫోనొస్తే, కంచంలో చెయ్యి అలాగే ఉంచి ఆలోచించేవారే, ఆ ముఖం. చాలా రోజులుగా కనబడలేదు అది.

"నాను దీన్నొక్కదాన్నే సూత్తన్నాను ఇన్నాళ్ళూ," అన్నారు మెల్లగా. "రెండూ ఒక్కసారి ఎక్కితే తప్పు ముళ్ళల్లో ఉండదు, ఈశ్వరీ. రెండింటికీ ఉమ్మడిగా ఏదున్నాదో, దాంట్లో ఉంటాది."

ఇంటికి వచ్చేదాకా నాకు పాఠం చెబుతూనే ఉన్నారు. డ్యాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టె అంత రేకు డబ్బా ఒకటుంటుందట, మన ఫ్రిజ్‌కి పెట్టినట్టే స్టెబిలైజర్. బ్యాటరీ కరెంటు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటుంది కాబట్టి, ఆ డబ్బా దాన్ని తగ్గించి ఈ రెండు మీటర్లకీ ఒకే తీరుగా పంపుతుంది. డబ్బా ఒళ్ళు మాత్రం బండి ఇనుముకి గట్టిగా ఆనుకుని ఉండాలి. దాన్నే ఎర్తు అంటారు. ఆ ఆనిక పోతే డబ్బా ఉన్నా లేనట్టే. బ్యాటరీ కరెంటంతా తిన్నగా మీటర్ల మీద పడుతుంది, రెండు ముళ్ళూ పైకెక్కుతాయి. నున్నటి రోడ్డు మీద ఎలాగో ఆనుకునే ఉండి, గుంటలో పడ్డప్పుడు ఊడిపోతోందన్నమాట. సుమన్ షెడ్డులో బండి కదలకుండా నిలబడి ఉంది. మోహిత్ నడిపింది బిష్టుపూర్‌లో. అందుకే ఇద్దరికీ కనబడలేదు.

నాకు సగం అర్థమయింది, సగం కాలేదు. ఆయన గొంతులో తడబాటు లేదని మాత్రం అర్థమయింది. ఒక్క మాట కోసం కూడా వెతుక్కోలేదు. నేను వింటున్నది ఎర్తు గురించి కాదు, ఆ గొంతుని.

ఇంటి ముందు ఎండలో బండి పెట్టి, ఇంజను ఆపకుండా, ఒక వైరు ముక్క తెచ్చారు. రెండు ముళ్ళూ ఇంకా పైనే ఉన్నాయి. వైరు ఒక కొస బండి ఇనుముకి తగిలించి, రెండో కొస పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందకి చెయ్యి పోనిచ్చారు. నన్ను ముళ్ళు చూడమన్నారు. ఆయన డబ్బాకి వైరు ఆనించారు. కాసేపు ఏమీ కాలేదు.  తర్వాత రెండు ముళ్ళూ ఒకదాని వెంట ఒకటి దిగడం మొదలుపెట్టాయి. ఒకటి మధ్యకి వచ్చి ఆగింది, రెండోది సగం కన్నా కిందకి పోయి ఆగింది. వైరు తీస్తే మళ్ళీ పైకి.

మోహిత్‌కి అప్పుడే ఫోన్ చేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తప్పు ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఎందుకొచ్చిందో కంటితో చూడాలన్నారు. సీటు వెనక్కి జరిపి, కాళ్ళు బయటపెట్టి, తల డ్యాష్‌బోర్డు కింద పెట్టి వెల్లకిలా పడుకున్నారు. నేను టార్చి పట్టుకున్నాను. స్క్రూ ఊడదీసి నా చేతిలో పెట్టారు, తర్వాత ఆ చిన్న డబ్బా. ఆ తర్వాత ఆయన కదల్లేదు. పిలిస్తే పలకలేదు. టార్చి వెలుగు ఆయన మొహం మీదకి తిప్పాను.

"పెయింటు," అన్నారు ఆఖరికి. "దీని కింద ఎవడో సిల్వర్ పెయింటు ఏసినాడు. పెయింటు మీద డబ్బా బిగించినాడు. ఎర్తు ఎలాగవుతాది?"

బయటికి వచ్చి కూర్చుని, అరికాలి మంట నెత్తికెక్కినట్టు తిట్టారు. ఎర్తు పడే చోట పెయింటు వేసేవాడు మనిషేనా? మొన్న మొన్న పనిలో చేరిన ఖలాసీకి కూడా తెలుసు ఆ మాట. తను సర్వీసులో ఉండగా ఎర్తు బోల్టు మీద పెయింటు చుక్క కనబడితే కుర్రాళ్ళ చేత నాలుకతో కాకపోయినా గోళ్ళతో గీకించేవాడిననీ, ఇది కచ్చితంగా సుమన్ పనేననీ, షెడ్డులో ఉంచుకున్న రోజున శుభ్రంగా కనబడాలని పూసేసి ఉంటాడనీ అన్నారు.

నేను టార్చి ఆర్పాను. ఎండలో అది వెలుగుతున్నా ఆరినా ఒకటే, అయినా ఆర్పాను.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే మిగతా ఊళ్ళలో పండగల్లాంటిది కాదు. ఆ రోజుకి ముందు ఊరంతా బ్రష్షు పట్టుకుంటుంది. ఫ్యాక్టరీల్లో, రైల్వే షెడ్లలో, చిన్న చిన్న లేత్ దుకాణాల్లో, మిషన్లు తుడిచి, తుప్పు గీకి, కదలని ప్రతి వస్తువుకీ రంగు వేస్తారు. రిటైరయినా మా ఆయనకి ఆ అలవాటు పోలేదు. ఈసారి పూజకి రెండు రోజులు ముందు డ్యాష్‌బోర్డు విప్పి, లోపలి రేకంతా తుప్పు పట్టిందని సిల్వర్ రంగు వేశారు. ఇదే గుమ్మంలో. నేను టీ పట్టుకొస్తే మోచేతి దాకా వెండి రంగు. అదే చేత్తో గ్లాసు పట్టుకోబోతే కసిరాను. విప్పిన సామాన్లు పరిచిన పేపరు మీద ఈ చిన్న డబ్బా కూడా ఉంది. నేనే కాలు తగలకుండా జరిపాను. పూజ రోజున బండికి పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లడ్డూలు పంచాం. ముల్లు పేచీ మొదలయింది ఆ తర్వాతే. సుమన్ షెడ్డుకి బండి వెళ్ళింది ఇంకా చాలా తర్వాత.

అదంతా ఆయనకి గుర్తు లేదు. మరిచిపోయినట్టు నటించే మనిషి కాదు. సుమన్‌ని తిడుతున్నప్పుడు ఆయన కళ్ళల్లో ఉన్నది అచ్చమైన కోపం.

ఎమరీ కాగితంతో ఆ చోటు మెరిసేదాకా గీకి, డబ్బా మళ్ళీ బిగించారు. ముళ్ళు రెండూ ఎక్కడుండాలో అక్కడ ఉన్నాయి. నాకు కావలసింది దొరికింది. బండిలో లోపం ఉందని, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని, రేపు మోహిత్ ముఖం మీద చెప్పొచ్చు. తాళాలు ఎక్కడికీ పోవు. నేను నోరు మూసుకుంటే చాలు. మూసుకుందామనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ చేసింది అదే కదా.

కానీ ఆయన లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చారు. సుమన్ దగ్గరికి పోదామన్నారు. భోంచేశాక వెళ్దామన్నాను, ఆదివారం మోహిత్‌తో కలిసి వెళ్దామన్నాను, నాకు తల నొప్పిగా ఉందన్నాను. ఏదీ చెవిన పడలేదు. ఇంకొకడి బండికి ఇలాగే చేస్తాడు, ఈ రోజే చెప్పాలి అన్నారు. నేనూ ఎక్కాను. ఆయన్ని ఒక్కణ్ణీ పంపే ధైర్యం నాకు లేదు.

ఖర్కాయి వంతెన మీద గతుకులకి బండి దడదడలాడింది. ముల్లు మధ్యలోనే ఉంది. ఆయన దాన్ని చూపించి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. సుమన్ మంచి పిల్లాడు. పెళ్ళాం, పిల్లలు, ఊళ్ళో మంచి పేరు. నలుగురు ఖాతాదారుల ముందు ఈయన వెళ్ళి, ఎర్తు మీద పెయింటు వేసినవాడివి నువ్వు ఎలక్ట్రీషియన్‌వేనా అని అడిగితే ఏమవుతుంది? వాడు ఊరుకుంటాడా? తను వేయలేదని ఒట్టు పెడతాడు, ఈయన ఒప్పుకోరు, మాటా మాటా పెరుగుతుంది. ఒకవేళ వాడు పెద్దాయన కదా అని తల వంచుకుని ఊరుకుంటే? అది ఇంకా అన్యాయం.

షెడ్డు ముందు బండి ఆగింది. ఆయన తలుపు తీయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఆ పెయింటు సుమన్ ఏయనేదు," అన్నాను. "మీరే ఏసినారు. పూజకి ముందు. మన గుమ్మంలో."

"నానా?" అన్నారు. "ఎర్తు కాడ నాను పెయింటు ఏత్తానా?"

నేను చెప్పాను. టీ గ్లాసు, మోచేతి రంగు, పేపరు మీద డబ్బా, అన్నీ చెప్పాను. ఆయన ఒకటే అడిగారు, ఏ బ్రష్షుతో అని. పాత గడ్డం బ్రష్షుతో అన్నాను. సందుల్లోకి పోతుందని మీరే ఏరి తెచ్చుకున్నారన్నాను.

"ఇందాక ఎమరీ కాగితం తీత్తుంటే ఆ బ్రష్షు సూసినాను," అన్నారు. "ఎండిపోయి, సిల్వర్ పెయింటుతో ఉన్నాది. ఎవులిదో అనుకున్నాను."

షెడ్డులో ఎవరో గ్రైండర్ ఆన్ చేశారు.  నేను ఆయన చెయ్యి వదల్లేదు. చెప్పి తప్పు చేశానా అనుకున్నాను. ఆ చప్పుడు ఆగాక ఆయన నా వైపు తిరిగారు.

"ఇంకేటేటి సేసినాను, ఈశ్వరీ?"

 ఏమీ లేదని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన కళ్ళు చూశాక అనలేకపోయాను. సాక్చిలో వదిలేసిన స్కూటర్ గురించి చెప్పాను, మాత్రల గురించి చెప్పాను. కోడల్ని ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో పిలవడం, ఇంటి సందు దాటిపోయి రెండు వీధుల అవతలనుంచి వెనక్కి రావడం, ఒకే కబురు ఒకే పూటలో మళ్ళీ మళ్ళీ అడగడం, అన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాను. ఒక్కోటి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడటం నా వల్ల కాలేదు, డ్యాష్‌బోర్డు చూస్తూ చెప్పాను.

ఆయన మధ్యలో ఏడవలేదు, తిట్టలేదు. సిగ్నల్ చెడిందని ఎవరైనా వచ్చి చెబితే ఎలా అడిగేవారో అలాగే అడిగారు. అది మొదటిసారి ఎప్పుడు? పొద్దున్నా, సాయంత్రమా? ముందు రాత్రి నిద్ర పట్టిందా? దానంతట అదే సర్దుకుందా, నువ్వు చెబితే గుర్తొచ్చిందా? ఈ మధ్య ఎక్కువగా వస్తోందా? నాకు తెలిసినవాటికి జవాబు చెప్పాను. ఆఖరి ప్రశ్నకి అవునన్నాను.

ఈలోగా సుమన్ చూసి బయటికి వచ్చాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, అంకుల్‌జీ, మళ్ళీ వేడెక్కిందా అని హిందీలో అడిగాడు. ఆయన దిగి నిలబడ్డారు. 

ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, బండి బాగయిపోయిందనీ, తప్పు తనదేననీ, ఎర్తు పడేచోట తనే పెయింటు వేశాననీ హిందీలో చెప్పారు. సుమన్ నమ్మలేదు. పెద్దాయన వేళాకోళం ఆడుతున్నాడనుకుని నవ్వాడు. మా ఆయన కూడా కాస్త నవ్వి, ఫోన్ తీసి మోహిత్‌కి కలిపారు. వాడి ఫ్లాటు అక్కడికి దగ్గరే.

"మోహిత్, బండిలో తప్పు దొరికినాది, బాగు సేసినాను," అన్నారు. "ఇప్పుడు నన్ను సూపించాల. మంచి డాక్టరెవులో కనుక్కో. సుమన్ షెడ్డు కాడ ఉన్నాం, వచ్చి బండి తీసుకెల్లు."

అవతల వాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. ఏమీ అనలేదనుకుంటాను, ఎందుకంటే ఆయన రెండుసార్లు హలో అన్నారు.

మోహిత్ స్కూటర్ మీద వచ్చాడు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. నన్ను చూశాడు, వాళ్ళ నాన్నని చూశాడు, ఎవరితో ముందు మాట్లాడాలో తెలియక నిలబడిపోయాడు. ఆయన తాళాలు వాడి చేతిలో పెట్టి, కప్ప చుట్టూ తిరిగి వచ్చి నేను కూర్చున్న వైపు తలుపు తీశారు. ఎప్పటిలాగే చెయ్యి పట్టుకుని నన్ను పైకి లాగారు. మోహిత్ తన స్కూటర్ షెడ్డులో వదిలి బండి నడిపితే మిగిలేది ఒక్క సీటే. నన్ను అందులో పంపి తను ఆటోలో వస్తారేమో అనుకున్నాను. ఆయన్ని ఒంటరిగా ఆటో ఎక్కనిచ్చేది లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

"నువ్వు ఆటోలో వచ్చీ, ఈశ్వరీ," అన్నారు ఆ సీట్లో కూర్చుంటూ. "నువ్విప్పుడు సెప్పినవన్నీ దారిలో నానే ఆడికి సెప్పాల. నాను మర్సిపోకముందే సెప్పాల."

నేను తలుపు వేశాను.